జమ్మలమడుగు ఎండల్లో ఇంగ్లాండు మల్లీన్ పూస్తుందా?

ఈ వారం ఎపిసోడ్ మొత్తం ఒకే ప్రశ్న మీద నడుస్తుంది. జమ్మలమడుగు నుంచి ఒక అక్క వాయిస్ మెసేజ్ పెట్టారు. పేరు చెప్పను, ఆమెకి ఇష్టం లేదు. కూతురు ఇంగ్లాండులో ఉంటుంది. పోయిన ఎండాకాలం కాన్పుకని ఈమె అక్కడికి వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చారు. కూతురి ఇంటి వెనక గోడ పక్కన మనిషెత్తు పూలచెట్టు ఒకటి ఉందట. కింద బూడిదరంగులో దుప్పటి లాంటి మెత్తటి ఆకులు, పైన నిటారుగా పసుప్పచ్చ కంకి. మనవరాలిని ఎత్తుకుని రోజూ ఆ పూలు చూపించేదాన్ని నాయనా, ఆ చెట్టు మా వాకిట్లో పెట్టుకుంటే పాపని చూసినట్టు ఉంటుంది, విత్తనం ఎక్కడ దొరుకుతుంది, అని అడిగారు.

ఫోటో కూడా పంపారు. అది మల్లీన్. శాస్త్రీయ నామం వెర్బాస్కమ్. పేరు వింటే మన మల్లెకి చుట్టం అనిపిస్తుంది గానీ, ఏ సంబంధమూ లేదు. మల్లెది వేరే కుటుంబం, దీనిది వేరే కుటుంబం.

అక్కకి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పంపేయచ్చు. "ఇక్కడ రాదక్కా" అని. కానీ అది సగం జవాబే. ఎందుకు రాదో తెలిస్తే, దాని బదులు ఏం పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది. పైగా ఈ మధ్య ఆన్‌లైన్లో పెరెన్నియల్ గార్డెన్ అని ఇంగ్లాండు వీడియోలు చూసి విత్తనాలు తెప్పించుకునేవాళ్లు మన ప్రొద్దుటూరులోనే చాలామంది ఉన్నారు. వాళ్లకీ ఇది పనికొస్తుంది.

ముందు ఈ మొక్క బతికే తీరు చెప్తా. మల్లీన్‌లో రకాలు చాలా ఉన్నాయి. అడవి మల్లీన్, అంటే వెర్బాస్కమ్ థాప్సస్, రెండేళ్ల మొక్క. మన దేశంలో కూడా కాశ్మీరు, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో దారి పక్కన కనిపిస్తుంది. తోటల కోసం పెంచేవి వేరు. బాంబిసిఫెరమ్ అని టర్కీ నుంచి వచ్చిన రకం ఉంది, ఆకులు, కాడ అన్నీ తెల్లటి ఉన్ని చుట్టినట్టు ఉంటాయి. గేన్స్‌బరో అని లేత పసుపు హైబ్రిడ్ ఉంది. హెలెన్ జాన్సన్ అని రాగి, గులాబీ కలిసిన రంగుది లండన్ క్యూ గార్డెన్స్‌లో వచ్చింది. ఫీనీషియమ్ అని ఊదారంగుది ఉంది. వీటిలో కొన్నిటిని పెరెన్నియల్ అంటారు గానీ, నిజానికి మూడు నాలుగేళ్లకి ముసలివైపోతాయి. కాబట్టి ఆ మాట విని నూరేళ్ల మామిడిచెట్టు లాగా ఊహించుకోవద్దు.

మొదటి ఏడాది మల్లీన్ ఏం చేస్తుందంటే, నేలకి అంటుకుని ఆకుల్ని గుండ్రంగా పరుచుకుంటుంది. అంతే. కంకి లేదు, పువ్వు లేదు. వేరు మాత్రం కిందికి దించుకుంటుంది. తర్వాత చలికాలం వస్తుంది. ఆ చలిలో కొన్ని వారాలు ఆకుల గుత్తి అలాగే పడుంటుంది. రెండో ఏడాది జూన్, జులై వచ్చేసరికి మధ్యలోంచి కంకి లేస్తుంది. అక్క చూసింది ఆ రెండో ఏటి ముచ్చట.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఆ చలి దానికి బాధ కాదు, అవసరం. వెర్నలైజేషన్ అంటారు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు ఇది ఇఫ్ కండిషన్ లాగా కనిపిస్తుంది. చలి ఇన్ని వారాలు పడిందా? పడితే కంకి వెయ్యి. లేదంటే ఆకులే వేస్తూ కూర్చో. మొక్క ఎంత లావుగా పెరిగినా, ఎంత ఎరువు పోసినా, ఆ కండిషన్ తీరకపోతే తర్వాతి లైనుకి పోదు. సామాన్యంగా ఇలాంటి మొక్కలకి కావాల్సిన చలి సున్నా నుంచి పది డిగ్రీల మధ్య.

మన సంగతి చూడండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మనకి పద్దెనిమిది, ఇరవై డిగ్రీల దగ్గర ఉంటుంది. బాగా చలేసిన రోజు ఇంకో రెండు మూడు తగ్గుతుంది, అందరం స్వెట్టర్లు వెతుక్కుంటాం. పొద్దున పది అయ్యేసరికి మళ్లీ ఎండ చుర్రుమంటుంది. మనకి అది చలి. మల్లీన్‌కి అది ఎండాకాలం. లంబసింగిలో పెట్టి చూస్తానంటే సరే, అక్కడ చలికాలం నిజమైన చలి. జమ్మలమడుగులో మాత్రం ఆ కండిషన్ తీరదు.

ఇక్కడ కొందరు ఒక చిట్కా చెప్తారు, విత్తనాలు ఫ్రిజ్‌లో పెట్టి తీసి నాటండి అని. ఈ రెండూ వేరు వేరు విషయాలండీ. కొన్ని మొక్కల విత్తనం మొలకెత్తడానికే చలి కావాలి, వాటికి ఫ్రిజ్ పనికొస్తుంది. అడవి మల్లీన్ విత్తనం మొలవడానికి చలి పెద్దగా అక్కర్లేదు, మామూలుగానే మొలుస్తుంది. చలి కావాల్సింది పెరిగిన ఆకుల గుత్తికి. అడుగు వెడల్పు మొక్కని మట్టితో సహా ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన రెండు నెలలు పెడతారా? ఇంట్లో ఆడవాళ్లు మనల్ని కూడా మొక్కతో పాటు బయట పెడతారు.

సరే. చలి ఒక్కటీ పక్కన పెడదాం. మల్లీన్ అడిగే మిగతా సరుకు చూస్తే నాకు నవ్వొచ్చింది. ఎర్రటి ఎండ కావాలి. నీళ్లు నిలవకూడదు. బలమైన మట్టి వద్దు, బలం ఎక్కువైతే కంకి పొడుగెక్కి పడిపోతుంది. సున్నం ఉన్న నేల అయినా పర్లేదు, ఇంకా సంతోషం. ఇది అచ్చం ఎర్రగుంట్ల, జమ్మలమడుగు మధ్య నేల వర్ణన కదా? మన నాపరాయి అంతా సున్నపురాయే. భూగర్భశాస్త్రంలో నార్జి లైమ్‌స్టోన్ అని ఒక పొరకి పేరుంది, ఆ పేరు మన నార్జి ఊరి పేరే. దాన్నే పలకలుగా కోసి దేశమంతా కడప బండ అని అమ్ముతున్నారు. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చిందీ దానికోసమే.

ఇంగ్లాండులో బెత్ చాటో అని ఒక పెద్దావిడ ఉండేది, 2018లో చనిపోయింది. ఎసెక్స్ అనే కౌంటీలో ఆమె తోట. అక్కడ వాన తక్కువ, ఏడాదికి 500 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆమె 1990ల మొదట్లో తన పాత కార్ పార్కింగ్ స్థలాన్ని తవ్వించి, కంకర పరిచి, నీళ్లు అస్సలు పెట్టని తోట చేసింది. గ్రావెల్ గార్డెన్ అంటారు. ఇప్పటికీ దానికి పైపు పెట్టి నీళ్లు పోయరు. అందులో మల్లీన్లు ఉంటాయి. ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళ్లి చూసొస్తారు.

మన కడప జిల్లా వాన ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు. లెక్కలో ఆమె తోట కంటే మనకే ఎక్కువ! కానీ మనకి పడేది కొన్ని వారాల్లో, మిగతా రోజుల్లో ఎండ దాన్ని పీల్చేస్తుంది. ఎసెక్స్‌లో సన్నగా ఏడాది పొడుగునా పడుతుంది, ఎండ మెత్తన. అందుకే ఒక్క అంకె చూసి పోల్చుకోవద్దు. కానీ ఆమె పద్ధతి మాత్రం మనం తెచ్చుకోవచ్చు: ముందు మొక్క ఎంచుకుని తర్వాత దానికి నీళ్లు వెతకడం కాకుండా, ముందు నేల చూసుకుని దానికి తగిన మొక్క పెట్టడం. బోరు ఎన్ని అడుగులు దిగిందో, మున్సిపాలిటీ నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తున్నాయో అందరికీ తెలిసిన ఊళ్లు మనవి. పూలకుండీకి పోసే ప్రతి బిందె ఎవరో మోసిందే.

అసలు పెరెన్నియల్ అనే మాటలోనే మనకి తిరకాసు ఉంది. ఇంగ్లాండులో ఆ మాటకి అర్థం, చలికాలంలో పైన ఎండిపోయి వసంతంలో మళ్లీ వేరులోంచి లేచేది అని. అక్కడ మొక్కకి పరీక్ష జనవరి. మనకి పరీక్ష మే నెల. నలభై మూడు డిగ్రీల్లో వారం రోజులు ఊరెళ్లి వచ్చినా బతికి ఉందా, అది మన పెరెన్నియల్. అక్కడి క్యాలెండర్ తీసుకుని ఇక్కడ మార్చిలో నాట్లేస్తే, చేతులారా మొక్కని పెనం మీద పెట్టినట్టే. మన తోట సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది, ఈశాన్య రుతుపవనాల వానతో.

ఇప్పుడు అక్క వాకిలికి వద్దాం. ఆమెకి నచ్చింది ఏంటి? కింద బూడిద పచ్చ ఆకుల గుత్తి, మధ్యలోంచి నిటారుగా పసుపు కంకి. ఆ ఆకారం. ఆ ఆకారంలోనే ఎండలు తట్టుకునే మొక్క ఒకటి ఈపాటికే వాళ్ల గుమ్మానికి తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. కలబంద.

నవ్వకండి. దిష్టికి కట్టే కలబందే. కలబంద పువ్వు చూశారా ఎప్పుడైనా? చాలామంది చూసుండరు. ఎందుకంటే మనం దాన్ని చిన్న కుండీలో పెట్టి, నీడలో పెట్టి, రోజూ నీళ్లు పోస్తాం, లేదంటే గుమ్మానికి కడతాం. నేల మీద, పూర్తి ఎండలో, నీళ్లు తక్కువగా పెట్టి మూడు నాలుగేళ్లు వదిలేస్తే, చలికాలం తర్వాత మధ్యలోంచి రెండు మూడు అడుగుల కాడ లేస్తుంది. దాని నిండా కిందికి వంగిన పసుపు గొట్టాల్లాంటి పూలు. కొన్నిట్లో నారింజ రంగు. తేనెపిట్టలు వచ్చి వాలతాయి. మల్లీన్ అయితే పూసి పోతుంది. ఇది మళ్లీ మళ్లీ పూస్తుంది, పక్కన పిలకలు వేస్తుంది. పిలక కొనక్కర్లేదు, పక్కింటి వాళ్లని అడిగితే రెండు చేతులా ఇస్తారు.

దాన్ని ఎలా నాటాలో ఊరిని బట్టి కొంచెం మారుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఉన్నవాళ్లు గుంత తవ్వద్దు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, నీటిని వదలదు. గుంత తీసి అందులో ఇసుక నింపినా, చుట్టూ రేగడే కాబట్టి అది బకెట్ లాగా తయారవుతుంది. వానాకాలం వేరు కుళ్లిపోతుంది. నేల మీద అడుగు ఎత్తు మడి కట్టండి. అంచులకి నాపబండలు నిలబెట్టండి, మన చేలకి కంచె వేసినట్టే. లోపల ఎర్రమట్టి, దాంట్లో మూడో వంతు చిన్న కంకర, కొంచెం పశువుల ఎరువు. కొంచెమే. పైన రెండు అంగుళాలు నాపరాయి ముక్కలు పరవండి. పాలిష్ యూనిట్ల దగ్గర విరిగిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి, అడిగి తెచ్చుకోవచ్చు. ఆ ముక్కల కింద మట్టి తడి తొందరగా ఆరదు, కలుపు తక్కువ వస్తుంది. ఒక్క జాగ్రత్త: పడమటి గోడకి ఆనించి మాత్రం కట్టద్దు. సాయంత్రం గోడ వేడి, రాళ్ల వేడి రెండూ కలిసి కలబందని కూడా ఎర్రగా మాడుస్తాయి.

పులివెందుల వైపు ఎర్రనేల ఉన్నవాళ్లకి పని తేలిక, నీళ్లు వాటంతట అవే కిందికి దిగుతాయి. కాకపోతే చీనీ తోటకి, అరటికి వేసిన డ్రిప్ పైపు చివర ఈ మడికి కూడా ఒక చుక్క పెట్టేద్దాం అనుకుంటారు. వద్దు. రోజూ నీళ్లు తాగే మొక్కలు, నెలకి రెండుసార్లు తాగే మొక్కలు ఒకే లైన్ మీద ఉండకూడదు.

మడి ముందు వైపు బిళ్లగన్నేరు పెట్టండి, తెల్లది అయితే పసుపు కంకి పక్కన బాగుంటుంది. కంకులు ఇంకా కావాలంటే ఏంజెలోనియా ఉంది, కడియం నర్సరీల నుంచి వచ్చే లోడులో దొరుకుతుంది, ఎండ తట్టుకుంటుంది గానీ నీళ్లు అడుగుతుంది, కాబట్టి వేరే కుండీలో. నేలసంపెంగ కూడా కంకే, వాసన అదనం. మల్లీన్ లాంటి ఉన్ని ఆకు కోసం జిల్లేడు పెట్టచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. రథసప్తమికి తల మీద పెట్టుకునే ఆకు, చూడ్డానికి నిజంగా మల్లీన్ ఆకుకి చుట్టంలాగే ఉంటుంది, రెండిటికీ ఆ తెల్లటి నూగు ఎండని వెనక్కి కొట్టి తడిని కాపాడే పని చేస్తుంది. కానీ దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. పాప వచ్చే ఇల్లు అది. వాకిట్లో వద్దు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి. మల్లీన్ జాతి మొక్క మన మైదానాల్లో ఒకటి ఉంది. దాని ఇప్పటి పేరు వెర్బాస్కమ్ చైనెన్స్. పాత పేరు సెల్సియా కోరమాండలియానా. వినండి ఆ పేరు: కోరమాండల్, మన తూర్పు తీరం! మార్టిన్ వాల్ అనే శాస్త్రవేత్త 1790లలో పెట్టిన పేరు. సెల్సియా అనే మాట ఓలోఫ్ సెల్సియస్ అనే స్వీడన్ పండితుడి మీద లిన్నేయస్ పెట్టాడు. మనం డిగ్రీల సెల్సియస్ అంటాం చూడండి, ఆ సెల్సియస్‌కి ఈయన చిన్నాన్న వరస. మల్లీన్ పువ్వులో కేసరాలు ఐదు, దీంట్లో నాలుగు, అందుకని అప్పట్లో వేరే జాతి అనుకున్నారు. తర్వాత తెచ్చి మల్లీన్లలోనే కలిపారు.

ఇది ఎక్కడ ఉంటుందంటే, నీళ్లు తగ్గిన చెరువు అంచులు, కాలవ గట్లు, ఏటి ఒడ్డున తడి ఇసుక, బీడు పడిన తడి పొలాలు. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా పూస్తుంది. మోకాలు ఎత్తు, ఒక్కోసారి నడుము ఎత్తు. చిన్న పసుపు పూలు, మధ్యలో కేసరాల కాడల మీద ఊదారంగు నూగు. దగ్గరికి పోయి చూస్తే అచ్చం మల్లీన్ పువ్వే, సైజు చిన్నది. మనవాళ్లు కలుపని పీకేస్తారు. ఇది ఒక్క సీజన్ మొక్క, మంచు కోసం ఎదురు చూడదు. పెన్నా ఒడ్డుకో కాలవ గట్టుకో ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు చూడండి. అనుమానం ఉంటే ఫోటో తీసి మీ ఊరి డిగ్రీ కాలేజీ బోటనీ లెక్చరర్‌కి చూపించండి, కడపలో యోగి వేమన యూనివర్సిటీ బోటనీ విభాగం ఉంది. ఖాయం అయ్యాక, ఎండిన కాయ రెండు మూడు కోసుకుంటే చాలు. మొక్క పీక్కుని రావద్దు. అక్టోబరులో తడి ఇసుక కలిపిన మట్టి మీద చల్లండి.

ఇంత చెప్పినా "లేదు, నాకు ఆ ఇంగ్లాండు మొక్కే కావాలి" అంటే, ఒక్క దారి. తొలి ఏడాదే పూస్తాయని అమ్మే రకాలు ఉన్నాయి, సదరన్ చార్మ్ అనే హైబ్రిడ్ అలాంటిది, ఫీనీషియమ్‌లో కూడా తొందరగా వేస్తే తొలి ఏడాది పూసేవి ఉంటాయి. అక్టోబరు మొదటి వారంలో వేయండి. విత్తనం ఆవగింజ కంటే చాలా సన్నం. మట్టి కప్పొద్దు, దానికి వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. పైనుంచి నీళ్లు పోస్తే కొట్టుకుపోతుంది, కుండీని పళ్లెంలో పెట్టి కిందనుంచి తాగనివ్వండి. నాలుగు ఆకులు రాగానే లోతైన కుండీలోకి మార్చేయండి, తల్లివేరు దిగాక కదిలిస్తే సహించదు. పూస్తే ఫిబ్రవరి, మార్చిలో పూయాలి. ఏప్రిల్ ఎండకి దానిపై ఆశ వదులుకోండి. ఇది చామంతి లాగా ఒక సీజన్ ముచ్చట అనుకుని పెట్టేవాళ్లకే. గ్యారంటీ నేను ఇవ్వను. ప్యాకెట్ మీద శాస్త్రీయ నామం, ప్యాక్ చేసిన తేదీ లేకపోతే కొనద్దు. ఒకే కంకిలో ఏడు రంగులు ఉన్న ఫోటో కనిపిస్తే ఆ పేజీ మూసేయండి.

ఇంకోటి. అక్కా, మీ అమ్మాయి వచ్చేటప్పుడు సూట్‌కేసులో చీర మడతల్లో విత్తనాలు తెమ్మని చెప్పద్దు. మన దేశంలోకి విత్తనం తేవాలంటే అనుమతి, అక్కడి నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి, 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం. పిడికెడు విత్తనాలకి ఇంత హడావిడి ఎందుకు అనిపించచ్చు. మల్లీన్ విషయంలో ఎందుకో చెప్తా.

అమెరికాలో మిషిగన్‌లో విలియం బీల్ అనే ప్రొఫెసర్ 1879లో ఇరవై సీసాల్లో ఇసుకతో కలిపి కలుపు మొక్కల విత్తనాలు నింపి నేలలో పాతిపెట్టాడు. ఎన్నేళ్లు బతుకుతాయో చూద్దామని. ఆయన పోయాక ఇంకొకరు, వాళ్ల తర్వాత ఇంకొకరు, తరం తర్వాత తరం ఆ సీసాలు ఒక్కోటి తీస్తున్నారు. 2000లో తీసిన సీసాలో, అంటే 120 ఏళ్ల తర్వాత, మొలిచినవాటిలో దాదాపు అన్నీ మల్లీన్లే. 2021లో చీకట్లో, వెలుతురు తగలకుండా తవ్వి తీసిన సీసాలో కూడా మల్లీనే మొలిచింది. ఒక్క పెద్ద మొక్క లక్షకి పైగా విత్తనాలు రాలుస్తుంది. హవాయిలో కొండల మీద అడవి మల్లీన్ ఇలాగే పాకిపోయి పెద్ద తలనొప్పి అయింది. మన వేడిలో అది అంత పాకదు, నిజమే, చలి లేదు కాబట్టి. కానీ అదే విత్తనం హార్స్‌లీ హిల్స్‌కో, లంబసింగికో ట్రిప్ వెళ్లిన చెప్పుల మట్టిలో చేరితే? అందుకే కుండీలో పెట్టినవాళ్లు కూడా పూలు వాడగానే కంకి కోసేయండి, కాయ ఎండనివ్వద్దు.

అక్కకి నేను విడిగా చెప్పింది ఇదీ: ఈ దసరా వెళ్లాక ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడి కట్టించుకోమని. వెనక మూడు కలబంద పిలకలు, అడుగున్నర దూరంలో. ముందు తెల్ల బిళ్లగన్నేరు. మొదటి నెల వారానికి ఒకసారి నీళ్లు, తర్వాత పదిహేను రోజులకి ఒకసారి, వాన పడితే అదీ వద్దు. కలబంద పూసేటప్పటికి పాపకి మూడేళ్లు దాటతాయి, వచ్చి తనే చూసుకుంటుంది. ఆ లోపు కోరమాండల్ మల్లీన్ విత్తనం దొరికితే మడి చివర తడి ఉండే మూలలో చల్లుకుంటారు. మడి కట్టాక ఫోటో పంపుతా అన్నారు.

పులివెందుల నుంచి ఇద్దరు ముగ్గురు చీనీ చెట్ల కింద పూలమొక్కలు వేయచ్చా అని అడిగారు. అది వచ్చే వారం. ఉంటానండీ.